బోల్టు బిగువు: దానిని కొలవడం నేర్చుకున్న చరిత్ర

ఉక్కు వంతెన మీద రైలు పోతున్నప్పుడు చూసేవారి దృష్టి దూలాల మీదికి, స్తంభాల మీదికి పోతుంది గాని, దూలాన్ని దూలంతో కలిపే అతుకుల మీదికి పోదు. కట్టడానికి ప్రాణం మాత్రం ఆ అతుకులలోనే ఉన్నది. ఎంత మేలైన ఉక్కుతో చేసిన దూలమైనా అతుకు దగ్గర జారితే దాని బలం ఎందుకూ పనికిరాదు. నేటి ఉక్కు కట్టడాలలో పనిస్థలంలో వేసే అతుకులు చాలావరకు బోల్టుల మీదనే ఆధారపడి ఉన్నాయి.

బోల్టును చూస్తే ఒకవైపు తల, మరొకవైపు నట్టు, మధ్య పలకలు కనిపిస్తాయి. అది గట్టిగా బిగించిన బోల్టో, చేతితో తిప్పి వదలిపెట్టినదో చూపుతో చెప్పడం కష్టం. తేడా అంతా లోపల ఉన్నది. బాగా బిగించిన బోల్టు శ్రుతి చేసిన తీగవలె సాగి, తన రెండు కొసలనూ లోపలికి లాగుతూ ఉంటుంది. ఈ లాగుడే బిగువు. 20 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒక అధికబలపు బోల్టులో ఉండవలసిన బిగువు సుమారు 14 టన్నులు. ఇది ఇంచుమించు మూడు ఏనుగుల బరువు. బొటనవ్రేలంత కడ్డీలో దాగిన ఈ బలం నిజంగా ఉన్నదో లేదో తెలుసుకొనడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో ఇంజనీర్లు కొన్ని దశాబ్దాలు గడిపారు.

రివెట్ల కాలం

పందొమ్మిదో శతాబ్దిలోను, ఇరవయ్యో శతాబ్దిలో సగం వరకును ఇనుప కట్టడాలను కలిపి ఉంచినవి బోల్టులు కావు, రివెట్లు. 1889లో పూర్తి అయిన పారిస్ ఐఫెల్ గోపురంలో సుమారు 25 లక్షల రివెట్లు ఉన్నాయి. 1890లో తెరిచిన స్కాట్లండు ఫోర్త్ వంతెనలో సుమారు 65 లక్షలు ఉన్నాయి. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైళ్లు నడవడం ప్రారంభించిన హేవలాక్ వంతెన కూడా ఆ కాలపుదే. దానిమీద 1997 వరకు రైళ్లు నడిచాయి. 1943లో కలకత్తాలో వాడుకలోకి వచ్చిన హౌరా వంతెనకు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. దానిని బోల్టులు, నట్లు లేకుండా రివెట్లతోనే కూర్చారు.

రివెట్టు కొట్టడం నలుగురు కూడి చేసే పని. ఒకడు కొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి పట్టుకారుతో విసురుతాడు. మరొకడు దానిని డబ్బాలో పట్టి రంధ్రంలో దూరుస్తాడు. మూడోవాడు తలవైపు అదిమి పట్టుకొంటే, నాలుగోవాడు రెండో కొసను సుత్తితో గొట్టి అక్కడ కూడ ఒక తల ఏర్పరుస్తాడు. రివెట్టు చల్లారేటప్పుడు పొడవు తగ్గాలని చూస్తుంది; పలకలు అడ్డంగా ఉన్నందున తగ్గలేదు. అందుచేత పలకలను రెండు వైపులనుంచి నొక్కిపడుతుంది. పల్లెలలో బండిచక్రానికి ఇనుప పట్టా తొడగడం చూసినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. కాలిన పట్టా నీళ్లు పోయగానే బిగిసి చక్రపు ముక్కలన్నిటినీ ఒకటిగా పట్టి ఉంచుతుంది.

ఐతే ఈ బిగువు ఎంత? అది రివెట్టు పొడవునుబట్టి, కాల్చిన వేడినిబట్టి, కొట్టినవాని నేర్పునుబట్టి మారేది. ఏ రెండు రివెట్లలోను ఒకే బిగువు ఉంటుందని చెప్పలేరు. అందుచేత ఇంజనీర్లు ఆ బిగువును లెక్కలోనికి తీసుకోలేదు; రంధ్రాన్ని నిండుగా నింపిన రివెట్టు కోతకు తట్టుకొనే బలాన్ని మాత్రమే లెక్కించారు. పరీక్ష కూడ సులువైనదే. పరీక్షకుడు చిన్న సుత్తితో రివెట్టు తలమీద కొట్టి, చప్పుడు విని, చేతికి తగిలే అదురు చూసి, వదులైనవాటికి గుర్తుపెట్టి తీసివేయించేవాడు.

బోల్టు అప్పుడూ ఉన్నది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లోనే మరచుట్లకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. కాని కట్టడాలలో బోల్టుకు గౌరవం లేదు. రంధ్రంలో దూరడానికి అది రంధ్రం కంటె కొంచెం సన్నగా ఉండాలి. ఆ సందు ఉన్నంతవరకు పలకలు జారే అవకాశం ఉంటుంది. రైలు అదురుకు నట్టు వదులవుతుందనే భయం ఒకటి. అందుచేత రివెట్లు కొట్టేవరకు పలకలను తాత్కాలికంగా పట్టి ఉంచడానికే బోల్టులను ఎక్కువగా వాడేవారు.

ఘర్షణను పనిలో పెట్టడం

ఈ అభిప్రాయాన్ని మార్చిన ప్రయోగాలు రెండు. మొదటిది ఇంగ్లండులో జరిగింది. బాథో, బేట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1934లో అక్కడి ఉక్కు కట్టడాల పరిశోధక సంఘానికి ఒక నివేదిక సమర్పించారు. తగినంత బలమైన ఉక్కుతో బోల్టు చేసి, దానిని బాగా బిగిస్తే, పలకలు జారకుండా ఆపవచ్చునని వారు చూపారు. రెండవది అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విల్సన్, థామస్ చేసినది. మళ్లీ మళ్లీ బరువు వేసి తీస్తూ ఉంటే లోహం అలసి విరుగుతుంది గదా! ఆ అలసటకు బోల్టులు ఎంతవరకు ఓర్చుకొంటాయో వారు పరీక్షించారు. రంధ్రం కంటె సన్నని బోల్టులైనా సరే, బాగా బిగిస్తే, నేర్పుగా కొట్టిన రివెట్లకు తీసిపోవని 1938లో ప్రకటించారు.

ఇందులోని సూత్రాన్ని తరగతిలోనే చూపవచ్చు. బల్లమీద నిలబెట్టిన పది పుస్తకాల వరుసను రెండు అరచేతుల మధ్య నొక్కి ఎత్తితే, మధ్య పుస్తకాలను ఎవరూ పట్టుకోకున్నా అవి జారిపోవు. పుస్తకాల మధ్య ఘర్షణే వాటిని ఆపుతున్నది. చేతులు కొంచెం సడలిస్తే వరుస అంతా కూలుతుంది. బోల్టు చేసే పని అరచేతుల పనే. 14 టన్నుల బిగువుతో పలకలను నొక్కినప్పుడు, ఘర్షణ గుణకం 0.3 అనుకొంటే, ఆ తలాల మధ్య 4 టన్నులకు పైగా బలం వేస్తేగాని పలకలు జారవు. అంతవరకు రంధ్రంలో సందు ఉన్నా ప్రమాదం లేదు. బోల్టు ఒడలు రంధ్రపు అంచును తాకనే తాకదు.

మరొక లాభం కూడ ఉన్నది. బోల్టు ముందే గట్టిగా సాగి ఉన్నందున, పైనుంచి వచ్చే హెచ్చుతగ్గులలో అధికభాగం నొక్కుడుపడి ఉన్న పలకలలోనే సర్దుకొంటుంది. బోల్టులో బలం కొద్దిగా మాత్రమే మారుతుంది. అలసట కలిగించేది బలం ఎక్కువగా ఉండటం కంటె అది మాటిమాటికి మారడమే గనుక, గట్టిగా బిగించిన బోల్టు వదులుగా ఉన్న బోల్టు కంటె ఎక్కువకాలం మన్నుతుంది.

ఈ ఫలితాలు వెంటనే ఆచరణలోకి రాలేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత, 1947లో, రివెట్ల అతుకులను, బోల్టుల అతుకులను పరిశోధించడానికి అమెరికాలో ఒక మండలి ఏర్పడింది. రైలు వంతెనలలో మాటిమాటికి వదులయ్యే రివెట్లతో విసిగిన అక్కడి రైల్వేలు ఈ పనిలో శ్రద్ధ చూపాయి. 1949లో అధికబలపు బోల్టులకు ప్రమాణం సిద్ధమైంది. 1951లో మండలి ప్రకటించిన మొదటి నియమావళి ఒక్కొక్క రివెట్టు స్థానంలో ఒక్కొక్క బోల్టును వాడడానికి అనుమతి ఇచ్చింది. కొలిమి అక్కరలేదు, నిప్పురవ్వల భయం లేదు, నలుగురి పనిని ఇద్దరు చేయవచ్చు. ఈ మార్పు మధ్యలో ఉన్న కాలానికి మిచిగన్ రాష్ట్రంలోని మాకినా వంతెన మంచి సాక్ష్యం. 1957లో తెరిచిన ఆ వంతెనలో 48,51,700 రివెట్లు, 10,16,600 బోల్టులు ఉన్నాయి.

ఐతే ఇక్కడనే అసలు చిక్కు వచ్చింది. రివెట్టులో బిగువు ఎంత ఉన్నా లెక్కలో లేదు గనుక దానిని కొలవవలసిన అవసరం లేకపోయింది. ఇప్పుడు అతుకు అంతా ఆ బిగువు మీదనే నిలిచి ఉన్నది. బిగువు లేని బోల్టు ఉన్న వంతెనలో, లెక్క ఉన్నదిగాని బలం లేదు.

పానా చెప్పిన అబద్ధం

మొదట అందరికీ తోచిన ఉపాయం పానాను నమ్మడం. ఎంత బలంతో తిప్పితే అంత బిగువు వస్తుంది గదా అని, తిప్పే బలాన్ని చూపే ముల్లు గల పానాలు వాడారు. తిప్పే బలాన్ని పానా పొడవుతో గుణిస్తే వచ్చేదే టార్కు. టార్కుకు, బిగువుకు మధ్య సంబంధం పైకి చాల సులువు. బిగువును బోల్టు వ్యాసంతోను, ఒక గుణకంతోను గుణిస్తే టార్కు వస్తుంది. మామూలు స్థితిలో ఆ గుణకం సుమారు 0.2.

ఈ గుణకంలోనే మోసం ఉన్నది. పానా మీద మనిషి ఖర్చుపెట్టే శ్రమలో ఇంచుమించు సగం నట్టు అడుగున రాపిడికి పోతుంది. మరి నలభై వంతులు మరచుట్ల మధ్య రాపిడికి పోతాయి. బోల్టును సాగదీయడానికి మిగిలేది నూటికి పది వంతులే. అందుచేత రాపిడి కొద్దిగా మారినా మిగిలే ఆ పదివంతులు ఎంతో మారిపోతాయి.

లెక్క వేసి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. 20 మిల్లీమీటర్ల బోల్టులో 14 టన్నుల బిగువు కావాలంటే, గుణకం 0.2 అయినప్పుడు, ఒక మీటరు పొడవు పానా కొసన 56 కిలోగ్రాముల బరువు వేలాడదీసినంత టార్కు కావాలి. అదే బరువుతో, చమురు బాగా పట్టి గుణకం 0.15కు దిగిన బోల్టును తిప్పితే బిగువు 18 టన్నులు దాటుతుంది. ఆ బోల్టు తెగిపోయే బలం 20 టన్నులే! వానకు తడిసి తుప్పుపట్టి గుణకం 0.3కు ఎక్కిన బోల్టులో బిగువు 9 టన్నుల దగ్గర నిలిచిపోతుంది. మూడుసార్లూ పానా ముల్లు ఒకే అంకెను చూపింది. ఒక బోల్టు సరిగా ఉన్నది, ఒకటి తెగడానికి సిద్ధంగా ఉన్నది, ఒకటి జారడానికి సిద్ధంగా ఉన్నది.

వీణ శ్రుతి చేసేవారికి ఈ తేడా బాగా తెలుసు. బిరడ ఎంత గట్టిగా తిరిగిందో చూసి వైణికుడు శ్రుతి నిర్ణయించడు. బిరడ బిగుసుకొని ఉండవచ్చు, జారుగా ఉండవచ్చు. అతడు తీగను మీటి దాని స్వరాన్ని వింటాడు. ఇంజనీర్లు మొదట విన్నది బిరడను. తీగను వినడం పిమ్మట నేర్చుకొన్నారు.

ఇందుకు మొదటి మెట్టుగా బిగువును నేరుగా చూపే ఒక పరికరం పనిస్థలానికి వచ్చింది. దానిలో చమురు నిండిన గది ఉంటుంది. బోల్టును దానిగుండా దూర్చి బిగిస్తే చమురు నొక్కుడుపడుతుంది. ఆ ఒత్తిడిని ముల్లు బిగువుగా చూపుతుంది. రోజూ పని ప్రారంభించేముందు, ఆ రోజు వాడబోయే బోల్టులలో కొన్నిటిని దీనిలో బిగించి, కావలసిన బిగువుకు ఎంత టార్కు పట్టిందో చూసుకొని పానాను సరిచేసేవారు. పద్ధతి మంచిదే. కాని దానిని శ్రద్ధగా రోజూ పాటించడం కష్టమయింది. మండలి 1980 నియమావళిలో ఈ పద్ధతిని తీసివేసి, రోజూ సరిచూడాలనే షరతుతో 1985లో మళ్లీ చేర్చింది.

అరచుట్టు పద్ధతి

రెండవ ఉపాయానికి మూలం మూడు శతాబ్దాల నాటిది. వస్తువు సాగిన పొడవు దాన్ని లాగిన బలానికి అనుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. బోల్టు కూడ గట్టి స్ప్రింగే. అది ఎంత సాగిందో తెలిస్తే బిగువు తెలిసినట్లే. నట్టు ఒక చుట్టు తిరిగితే మరచుట్టు ఎడమంత దూరం ముందుకు పోతుంది. కాబట్టి బలాన్ని కొలవడం మాని, నట్టు తిరిగిన కోణాన్ని కొలిస్తే చాలునని కొందరికి తోచింది. కోణాన్ని రాపిడి మార్చలేదు.

1950 దశకంలో అమెరికా రైల్వేల సంఘం నట్టును వేళ్లతో బిగించి, అక్కడినుంచి ఒక పూర్తి చుట్టు తిప్పమన్నది. కాని వంకరగా ఉన్న మందపు పలకలు వేళ్ల బలానికి దగ్గరకు రావు. ఒక చుట్టులో ఎంతభాగం సందును మూయడానికి పోయిందో, ఎంత బోల్టును సాగదీసిందో తెలియదు. బెత్లెహాం స్టీలు కంపెనీ ఇంజనీర్లు దీనిని సవరించారు. ముందు మామూలు పానాతో ఒక మనిషి తన పూర్తి బలం ఉపయోగించి పలకలను గట్టిగా ఆనించాలి. అక్కడ నట్టుమీద, బోల్టు కొసమీద ఒక గీత గీయాలి. అక్కడినుంచి అరచుట్టు తిప్పాలి. 1960 నాటి నియమావళిలో నట్టు తిప్పుడు పద్ధతికి చోటు దొరికింది. పొట్టి బోల్టులకు చుట్టులో మూడో వంతు, పొడుగువాటికి మూడింట రెండు వంతులు అనే భేదాలు తర్వాత ఏర్పడ్డాయి.

ఈ పద్ధతి ఎందుకు నెగ్గిందో ఆలోచించదగినది. 20 మిల్లీమీటర్ల బోల్టులో మరచుట్టు ఎడం 2.5 మిల్లీమీటర్లు, అరచుట్టుకు నట్టు 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది. 75 మిల్లీమీటర్ల మందం గల పలకలను పట్టిన అదే బోల్టు 14 టన్నుల బిగువుకు సాగేది మిల్లీమీటరులో ఆరో వంతు మాత్రమే. కొంత కదలిక పలకల సందులకు, మరల సర్దుబాటుకు పోయినా, బోల్టు తన స్థితిస్థాపక అవధిని దాటి శాశ్వతంగా సాగే దశకు చేరుతుంది. ఇది లోపంవలె కనిపిస్తుంది. నిజానికి ఇదే దాని బలం. అవధిని దాటిన తర్వాత బోల్టు ఇంకా సాగుతుందిగాని బిగువు అంతగా పెరగదు. గ్రాఫు గీస్తే ఆ భాగం దాదాపు చదునుగా ఉంటుంది. కాబట్టి పనివాడు నట్టును కొంచెం ఎక్కువ తిప్పినా, కొంచెం తక్కువ తిప్పినా బిగువు ఇంచుమించు ఒకటే. తెగిపోవడానికి ఇంకా చాలా తిప్పవలసి ఉంటుంది. మనిషి చేతిలో సహజంగా ఉండే పొరపాటును ఓర్చుకొనే చోటును ఎన్నుకొనడమే ఈ పద్ధతిలోని తెలివి.

గుర్తు చూపే వాషర్లు, తోకతెగే బోల్టులు

1960 దశకంలో ఇంగ్లండునుంచి మరొక సాధనం వచ్చింది. అది ఒక వాషరు. దానిమీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. బోల్టు బిగుస్తున్నకొద్ది బుడిపెలు అణిగి, తలకు వాషరుకు మధ్య సందు తగ్గుతుంది. నిర్ణీతమైన మందం గల సన్నని రేకు ఆ సందులో దూరకపోతే బిగువు చాలినట్లు. బుడిపెలను అణచేది బోల్టు బిగువే గాని మరచుట్ల రాపిడి కాదు గనుక ఇది తీగను విన్నట్లే అవుతుంది.

జపానులో విస్తారంగా వాడుకలోకి వచ్చినది వేరొక విధం. ఆ బోల్టు కొసన పళ్లు గల ఒక తోక, తోక మొదట ఒక గాడి ఉంటాయి. ప్రత్యేకమైన పానా ఒకేసారి తోకను పట్టుకొని నట్టును తిప్పుతుంది. నిర్ణయించిన టార్కుకు తోక గాడి దగ్గర తెగి పడిపోతుంది. తోక లేని బోల్టులను దూరంనుంచే లెక్కపెట్టవచ్చు గనుక పరీక్ష సులువు. కాని తోక తెగడం తెలిపేది టార్కునే. బోల్టు తడిసినా, ఎండకు దాని చమురు ఆరినా పాత చిక్కు తిరిగి వస్తుంది. అందుకే వాటిని మూతపెట్టిన డబ్బాలలో భద్రపరచాలనే నియమం ఉన్నది.

ముఖ్యమైన పనులలో ధ్వనితరంగాలను కూడ వాడుతున్నారు. చెవికి వినపడనంత హెచ్చు పౌనఃపున్యం గల తరంగాన్ని బోల్టు ఒక కొసనుంచి పంపితే, అది రెండో కొసన తగిలి వెనుకకు వస్తుంది. సాగిన బోల్టులో దూరం పెరుగుతుంది, తరంగ వేగం కూడ కొంచెం తగ్గుతుంది; రెండింటివల్ల తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఆ తేడానుబట్టి బిగువును లెక్కిస్తారు.

పని ముగిసిన తర్వాత పరీక్ష

ఇన్ని సాధనాలు వచ్చినా ఒక కష్టం మిగిలింది. బిగింపు అయిపోయి, వారాలు గడిచి, రంగు కూడ వేసిన తర్వాత పరీక్షకుడు వచ్చి పానాతో నట్టును కదిపి చూస్తే ఏమి తెలుస్తుంది? తుప్పు, రంగు, ఎండిన చమురు నట్టును పట్టేసి ఉండవచ్చు. కదలని నట్టు బిగువుకు సాక్ష్యం కాదు. అందుచేత క్రమంగా ఒక కొత్త దృష్టి స్థిరపడింది. బోల్టు బిగువును తర్వాత వెదకడం కంటె, బిగించేటప్పుడే చూడాలి. పనివారు వాడే పద్ధతిని అదే బోల్టులతో ముందుగా పరికరంలో పరీక్షించాలి. పలకలు సరిగా ఆనినవో లేదో చూడాలి. ఆ తర్వాత పని జరుగుతున్నప్పుడు దగ్గర ఉండాలి. ప్రతి అతుకుకూ ఇంత బిగువు అక్కరలేదని, జారినా హానిలేని చోట్ల మామూలు బిగింపు చాలునని 1985 నియమావళి ఒప్పుకొన్నది. భారత ప్రమాణాల సంస్థ 1992లో ప్రకటించిన అధికబలపు బోల్టుల నియమావళిలో కూడ నట్టును కొంతభాగం తిప్పే పద్ధతికి, బిగువును నేరుగా చూపే సాధనాలకు చోటు ఉన్నది.

బిగువు సరిగా ఉన్నంత మాత్రాన అంతా సరి అని కూడ అనుకోరాదు. శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండుల మధ్య కొత్త వంతెనలో, భూకంపం వచ్చినప్పుడు ఆదుకోవలసిన భాగాలను పట్టి ఉంచడానికి 3 అంగుళాల వ్యాసం గల 96 పొడవాటి కడ్డీలను 2008లో అమర్చారు. 2013 మార్చిలో వాటిని నిర్ణయించిన బిగువుకు లాగారు. కొద్దిరోజులలోనే 32 కడ్డీలు విరిగాయి. లాగుడు లెక్క తప్పినందువల్ల కాదు. వాటి గొట్టాలలో నీరు నిలిచింది. హైడ్రొజను ఆ గట్టి ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుగా మార్చింది. ఆ కడ్డీల పనిని వేరొక ఉక్కు అమరికకు అప్పగించవలసి వచ్చింది. అతి గట్టి ఉక్కు, ఎక్కువ బిగువు, హైడ్రొజను మూడూ ఒకచోట చేరితే ముప్పు తప్పదు. అదృష్టవశాత్తు ఈ సంగతి వాహనాలు నడవకముందే బయటపడింది.

ఉపాధ్యాయులు కోరితే ఈ విషయంలో ముఖ్యభాగాన్ని ప్రయోగశాలలో చూపవచ్చు. ఒక బోల్టుకు నట్టు, రెండు వాషర్లు, వాటి మధ్య గట్టి స్ప్రింగు అమర్చి, పానా కొసకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగాలి. స్ప్రింగు ఒకే పొడవుకు కుదించుకుపోయేవరకు, మొదట ఎండు మరలతోను, తర్వాత చమురు పూసిన మరలతోను తిప్పి, రెండుసార్లూ త్రాసు చూపిన అంకెలను వ్రాసుకోవాలి. స్ప్రింగు పొడవు చెప్పేది బిగువు. త్రాసు చెప్పేది శ్రమ. రెండు అంకెలు కలవకపోవడం విద్యార్థులే గమనిస్తారు.

కావలసినదాన్ని వదలి, కొలవడానికి సులువైనదాన్ని కొలిచి తృప్తిపడటం శాస్త్రంలో పాత అలవాటు. టార్కును కొలవడం సులువు, కావలసినది బిగువు. ఈ రెండింటి తేడాను గుర్తించడానికి ప్రయోగాలు, ప్రమాణాలు, సవరణలు ఎన్నో అవసరమయ్యాయి. ఇప్పుడు వంతెన మీద నట్టు పక్కన కనిపించే చిన్న రంగుగీత ఆ కృషి మిగిల్చిన గుర్తే. బోల్టుమీద గీతకు, నట్టుమీద గీతకు మధ్య అరచుట్టు ఎడం ఉంటే, ఆ బోల్టును బిగించినవాడు పానా మాటను గాక, బోల్టు సాగుడునే నమ్మాడని అర్థం.